మిణుగురులకు లాటరీ, గబ్బిలాలకు ఉచితం

ఈ నెల ఉత్తరాల్లో సగం ఒకే ప్రశ్న. అమ్మానాన్నలు వస్తున్నారు, ఏ నేషనల్ పార్కుకి తీసుకెళ్ళాలి? నేను తెనాలి నుంచి వచ్చి టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో కాపురం పెట్టి ఇరవై రెండేళ్ళయింది. గంట దూరంలో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కు ఉంది కాబట్టి ఇంటికొచ్చిన చుట్టాలందరినీ అక్కడికి తిప్పే డ్యూటీ నాదే. నన్ను అడిగితే ముందు పార్కు పేరు చెప్పను, మీరు ఏ తారీఖుల్లో వెళ్తారో అడుగుతాను. మనవాళ్ళు లాంగ్ వీకెండ్ చూసుకుని టికెట్లు కొంటారు. అడవికి ఆ క్యాలెండరు తెలియదు.

ప్రశ్న: అమ్మానాన్న జూన్‌లో ఒంగోలు నుంచి వస్తున్నారు, నవంబరు దాకా ఉంటారు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అర మైలు మించి నడవలేరు. అందరూ గ్రాండ్ కేన్యన్, యెల్లోస్టోన్ అంటున్నారు. నాన్నకి 68 ఏళ్ళు కాబట్టి సీనియర్ పాస్ తీసుకుంటే చాలంటున్నాడు ఫ్రెండ్. నిజమేనా? — డాలస్ నుంచి ఒక కొడుకు

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం బాబూ. సీనియర్ పాస్ 62 ఏళ్ళు దాటినవాళ్ళకే, కానీ అమెరికా పౌరులో గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళో అయితేనే. విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారికి ఇవ్వరు. పైగా 2026 జనవరి నుంచి ఇక్కడ నివాసం లేనివాళ్ళకి 11 పెద్ద పార్కుల్లో వేరే లెక్క పెట్టారు. 16 ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ మామూలు రుసుము మీద ఇంకో 100 డాలర్లు. అది వద్దనుకుంటే 250 డాలర్ల వార్షిక పాస్ తీసుకోవాలి. మీవాళ్ళు చెప్పిన గ్రాండ్ కేన్యన్, యెల్లోస్టోన్ రెండూ ఆ జాబితాలోనే ఉన్నాయి. యొసెమిటీ, జాయన్ కూడా. బయలుదేరే ముందు పార్కు సైట్‌లో ఒకసారి చూసుకుని, కార్లో ఎవరెవరు ఉంటారో లెక్కేసుకుని వెళ్ళండి. గేటు దగ్గర వెనకాల పది కార్లు ఆగి ఉండగా లెక్కలు వేసుకోవడం అంత టెన్షన్ మరొకటి లేదు.

మీరు డాలస్‌లో ఉన్నారు. నేనైతే ఆగస్టులో కార్ల్స్‌బాడ్ కేవర్న్స్‌కి తీసుకెళ్తాను. న్యూమెక్సికోలో ఉంటుంది, మీకు ఏడెనిమిది గంటల డ్రైవు. ఆ పదకొండు పార్కుల్లో ఇది లేదు. గుహలోకి లిఫ్టు ఉంది. 750 అడుగుల కిందికి దిగి తలుపు తెరుచుకుంటే ఎదురుగా బిగ్ రూమ్ అనే పేద్ద గుహ గది. నాన్నగారు నడవగలిగినంత నడుస్తారు, తర్వాత బెంచీ మీద కూర్చుంటారు. లిఫ్టు ఆ రోజు పనిచేస్తోందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అమ్మగారికి స్వెట్టరు మర్చిపోకండి. పైన ఎండ మాడ్చేస్తున్నా లోపల ఏడాది పొడుగునా 13 డిగ్రీలే.

అయితే నేను పంపేది గుహ కోసం కాదు, సాయంత్రం కోసం. చీకటి పడే వేళ గుహలోంచి గబ్బిలాలు గుంపుగా బయటికొస్తాయి. అవి చూడ్డానికి మే చివరి నుంచి అక్టోబరు దాకా గుహ నోటికి ఎదురుగా ఉన్న రాతి మెట్ల మీద జనాన్ని కూర్చోబెట్టి రేంజర్ కాసేపు మాట్లాడతారు. టికెట్ లేదు, రిజర్వేషన్ లేదు. ఫోన్లు, కెమెరాలు అన్నీ ఆపేసి లోపల పెట్టేయాలి, ఆ వెలుగూ చప్పుడూ గబ్బిలాలకి పడవు. మా అత్తగారిని తీసుకెళ్ళినప్పుడు ఆవిడ ఒకటే సణుగుడు. "ఇంత దూరం కార్లో కుదేసి తెచ్చింది గబ్బిలాలు చూపించడానికా? ఇంట్లో దూరితేనే శాంతి చేయిస్తాం" అని. అప్పటికి మేం వచ్చి చాలాసేపయింది, ఎందుకంటే న్యూమెక్సికో టైము టెక్సస్ టైము కంటే గంట వెనక అని మావారు మర్చిపోయారు. మీరు మర్చిపోకండి.

పొద్దు గూట్లో పడ్డాక ముందు నాలుగు వచ్చాయి. తర్వాత ఇరవై. ఆపైన లెక్క లేదు. గుహ నోట్లోంచి సుడి తిరుగుతూ పైకి లేచి, పొగ తాడులాగా సాగి, ఎడారి మీదికి వెళ్ళిపోయాయి. అంతమంది కూర్చున్నా కిక్కురుమన్నవాళ్ళు లేరు. అప్పుడు వినిపించింది రెక్కల చప్పుడు, కొత్త పట్టుచీర మడత విప్పుతున్నట్టు. కాసేపటికి గాలి మళ్ళి వాసన మా మీదికి కొట్టింది. అత్తగారు నా చెయ్యి పట్టుకుని "పాత గుడి గోపురం వాసనే!" అన్నారు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో గోపురం మెట్లెక్కి ఆడుకున్న సంగతులన్నీ ఆ రాత్రి హోటల్ గదిలో చెబుతూనే ఉన్నారు. ఆవిడ నోట అవి నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

ఆగస్టు అని ఎందుకన్నానంటే, ఈ గబ్బిలాలు వేసవికి మెక్సికో వైపు నుంచి వచ్చి ఇక్కడ పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లలకి రెక్కలొచ్చి తల్లులతో పాటు బయటికి రావడం మొదలయ్యేసరికి జులై చివరవుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో గుంపు పెద్దది. 1898 ప్రాంతంలో జిమ్ వైట్ అనే పశువుల కాపరి కుర్రాడు దూరం నుంచి దీన్ని చూసి పొగ అనుకుని వెతుక్కుంటూ వచ్చి గుహ నోటి దగ్గర తేలాడట. మీ నాన్నగారికి ఈ కథ కార్లోనే చెప్పండి, ఏడు గంటలు గడవాలి కదా.

ప్రశ్న: స్మోకీస్‌లో మిణుగురుల లాటరీకి మూడేళ్ళుగా అప్లై చేస్తున్నాను, ఒక్కసారీ తగల్లేదు. ఏమైనా కిటుకు ఉందా? అసలు అంత గొప్పగా ఉంటుందా? — అట్లాంటా

జవాబు: కిటుకేమీ లేదమ్మా. నాకు పార్కు గంట దూరమే అయినా ఇన్నేళ్ళలో ఒక్కసారే తగిలింది. అవి చూడ్డానికి లాటరీలో తగిలిన కార్లనే రానిస్తారు, మొత్తం ఎనిమిది రాత్రులు, రాత్రికి సుమారు 120 కార్లు. ఏప్రిల్ చివర్లో కొద్ది రోజులు మాత్రమే అప్లికేషన్ తెరిచి ఉంచుతారు. మనవాళ్ళు ఎక్కువమంది ఆ రోజులే మర్చిపోతారు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఎన్ని తారీఖులు ఎంచుకోవడానికి వీలుంటే అన్నీ ఇవ్వండి. మనం శని, ఆదివారాలే పెడతాం, అందరూ అవే పెడతారు. మంగళవారం రాత్రికి పిల్లల బడి పోతే పోయింది, మే నెలాఖరుకి ఎలాగూ సెలవులు.

ఇంకో దారి, ఎల్క్‌మాంట్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఆ రోజులకి టెంటు స్థలం దొరికితే లాటరీ అక్కర్లేదు. దానికి ఆర్నెల్ల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది. ఆర్నెల్ల ముందు మిణుగురుల తేదీ ఎవరికీ తెలియదు కాబట్టి అదీ ఒక జూదమే. నేల ఎంత వేడెక్కిందో లెక్కలు కట్టి పార్కువాళ్ళు తేదీలు ప్రకటించేది ఏప్రిల్‌లో. చలి ఎక్కువ రోజులుంటే వెనక్కి, తొందరగా ఎండ కాస్తే ముందుకి. మామూలుగా మే ఆఖరు, జూన్ మొదట్లో పడుతుంది.

గొప్పగా ఉంటుందా అన్నారు. మన ఊళ్ళో చూసిన మిణుగురులు ఎవరి ఇష్టం వచ్చినట్టు అవి వెలుగుతాయి. ఇవి అలా కాదు, అన్నీ ఒక్కసారిగా. మేం వెళ్ళిన రోజు సాయంత్రం వాన పడింది, ఇక అయిపోయిందనుకున్నాను. తొమ్మిదిన్నర దాటాక చెట్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి. పావుగంటకి అన్నిటికీ లయ కుదిరింది. ఐదారు మెరుపులు, ఠకఠకమని, కొండ వాలు మొత్తం. తర్వాత ఒక్కసారిగా చీకటి. ఎంత చీకటంటే, పక్కనున్న మావాడి ముఖం కూడా కనపడలేదు. మనసులో ఏడో ఎనిమిదో లెక్కపెట్టే లోపు మళ్ళీ మొదలు. ఆ ఖాళీ లేకపోతే అంత బాగుండదు. ఎగురుతూ మెరిసేవి మగవి. అవి ఆగిన ఆ చీకట్లో నేల దగ్గర గడ్డిలోంచి ఆడవి చిన్నగా మెరిసి బదులిస్తాయి. నాకు ఆ బదులు రెండుసార్లే కనిపించింది. రెక్కలొచ్చాక వీటికి ఉండేది మూడు వారాల ఆయుష్షు, అంతకుముందు ఏడాదో రెండేళ్ళో మట్టిలోనే.

అందుకే అక్కడ తెల్ల టార్చి వెయ్యకూడదు, ఎర్ర సెల్లోఫేన్ కట్టాలి. నేను కాగితం మర్చిపోయాను. కారు డిక్కీలో ఎవరో తాంబూలంలో ఇచ్చిన ఎర్ర జాకెట్టు ముక్క ఉంటే నాలుగు మడతలు పెట్టి రబ్బరు బ్యాండు వేశాను. డ్యూటీలో ఉన్న వలంటీరు దాన్ని పట్టుకు చూసి, సెల్లోఫేన్ కంటే ఇదే నయమన్నాడు. ఆ జాకెట్టు ముక్క కుట్టించలేదు, ఇప్పటికీ కార్లోనే ఉంది.

ఈసారీ తగలకపోతే సౌత్ కరోలినాలో కాంగరీ పార్కు ఉంది. అక్కడా ఇలాంటి జాతే, అక్కడా లాటరీయే, కాకపోతే రెండు చీట్లు వేసుకున్నట్టవుతుంది.

ఒక సంగతి. స్మోకీస్‌కి ప్రవేశ రుసుము లేదు కానీ 2023 మార్చి నుంచి పదిహేను నిమిషాలు మించి బండి ఆపితే పార్కింగ్ ట్యాగ్ కొనాలి. రోజుకి 5 డాలర్లు. ఫ్రీ పార్కు కదా అని వెళ్ళి ఫైను చీటీ తగిలించుకుని వచ్చినవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు.

ప్రశ్న: విజయవాడ నుంచి అమ్మాయి దగ్గరికి వచ్చాను. మా మనవడు ఏ పార్కుకి వెళ్ళినా చిన్న పుస్తకం నింపి బ్యాడ్జి తెచ్చుకుంటున్నాడు. నాకూ ఒకటి కావాలని ఉంది. నాకు 66. నవ్వుతారేమో? — న్యూజెర్సీ

జవాబు: నవ్వరండీ. దాన్ని జూనియర్ రేంజర్ అంటారు, పేరులో జూనియర్ ఉన్నా చాలా పార్కుల్లో పెద్దవాళ్ళకీ ఇస్తారు. విజిటర్ సెంటర్‌లో పుస్తకం అడగండి. ఎక్కువ చోట్ల ఊరికే ఇస్తారు, కొన్నిచోట్ల రెండు మూడు డాలర్లు. పుస్తకంలో ఒక పని రేంజర్ ప్రోగ్రాంకి వెళ్ళి వినడం అయివుంటుంది, దాన్ని ఎగ్గొట్టకండి.

మా అమ్మ చేసింది 71 ఏళ్ళప్పుడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతుంది, రాయడం తక్కువ. బొమ్మలు గీసే పేజీలన్నీ తనే చేసింది. "నీకు వినిపించిన మూడు శబ్దాలు రాయి" అన్న చోట తెలుగులోనే రాసింది, వాగు, పిట్ట, అల్లుడి దగ్గు అని. రేంజర్ ఆ అక్షరాలు చూసి ఏం రాశారని అడిగితే నేను చదివి చెప్పాను. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక తన వెడల్పాటి టోపీ తీసి బల్ల మీద పెట్టి, తర్వాత మళ్ళీ పెట్టుకుని, అమ్మని కుడిచెయ్యి ఎత్తమంది. ప్రమాణం ఒక్కో ముక్కా తను చెబుతుంటే అమ్మ వెనకే అంది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అమ్మ ఆ బ్యాడ్జిని చీర కుచ్చిళ్ళ పిన్నీసు పక్కనే పెట్టుకుని తెనాలి దాకా వెళ్ళింది.

మీ మనవడు నాలుగో తరగతికి వచ్చాడా? వస్తే ఆ ఏడాది పిల్లలకి ఉచిత పాస్ ఉంది, కార్లో వాడితో ఉన్నవాళ్ళకీ వర్తిస్తుంది. సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 దాకా. మీ అమ్మాయికి చెప్పండి, చాలామందికి అది అయిపోయాకే తెలుస్తుంది.

ప్రశ్న: యొసెమిటీలో జలపాతం నిప్పులా మారుతుందని రీల్స్ చూసి ఫిబ్రవరిలో వెళ్ళాం. మంచులో నాలుగు గంటలు నిలబడ్డాం. ఏమీ లేదు. మోసం కాదా ఇది? — ఫ్రీమాంట్

జవాబు: మోసం కాదు, మీ జాతకం. హార్స్‌టెయిల్ జలపాతం ఎల్ కాపిటాన్ కొండ తూర్పు అంచున ఉంటుంది. ఫిబ్రవరి మధ్య నుంచి చివరి దాకా అస్తమించే సూర్యుడు సరిగ్గా ఆ అంచునే తాకుతాడు, అదీ పది నిమిషాలు. ఆ పది నిమిషాలకి పడమట మబ్బు ఉండకూడదు. అంతకుముందు రోజుల్లో పైన మంచు పడి ఉండాలి, అది కరిగే ఎండా ఉండాలి. ఇందులో ఒక్కటి తప్పినా మీరు చూసేది తడి రాయి. రీల్స్ పెట్టేవాళ్ళు తడిరాయి రోజులు పెట్టరు.

ఒకప్పుడు నిజంగానే నిప్పు దొర్లించేవారు తెలుసా? గ్లేసియర్ పాయింట్ పైనుంచి రాత్రిపూట మండే బొగ్గుల్ని కిందికి తోసేవారు. 1872 ప్రాంతంలో మొదలై మధ్యలో ఆగుతూ సాగుతూ 1968 జనవరి దాకా నడిచింది. జనం ఎగబడి గడ్డి మైదానాలన్నీ తొక్కేస్తున్నారని, ఇది ప్రకృతి కాదని పార్కువాళ్ళే ఆపేశారు. ఇప్పుడు అసలుది చూడ్డానికి వచ్చి తొక్కుతున్నాం.

మళ్ళీ వెళ్ళేటట్టయితే ఏప్రిల్, జూన్ మధ్య పున్నమి రాత్రి వెళ్ళండి. మబ్బు లేకపోతే కింది యొసెమిటీ జలపాతం తుంపర్లలో వెన్నెల ఇంద్రధనుస్సు పడుతుంది. వంతెన మీద తడిసిపోతారు, రెయిన్‌కోటు పట్టుకెళ్ళండి.

ప్రశ్న: ఎమ్మెస్ చదువుతున్నాను. కారు లేదు, డబ్బు లేదు. పార్కులు మాలాంటివాళ్ళకి కాదా? — మేరీలాండ్

జవాబు: వాషింగ్టన్ డీసీ మెట్రో ఎక్కి స్మిత్‌సోనియన్ స్టేషన్లో దిగు నాయనా. నేషనల్ మాల్ అనే పెద్ద మైదానం, టైడల్ బేసిన్ అనే చెరువు కూడా నేషనల్ పార్కుల్ని నడిపే పార్క్ సర్వీసువే, గేటూ లేదు, టికెట్టూ లేదు. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూలు. యోషినో రకం పూలలో 70 శాతం విచ్చుకున్న రోజుని పీక్ అంటారు, దాని అంచనా పార్కువాళ్ళు ముందే చెబుతారు. పొద్దున్నే ఆరింటికి వెళ్ళు, మధ్యాహ్నం వెళ్తే మన పుష్కరాల రేవే. ఈ చెట్లు 1912లో టోక్యో నుంచి కానుకగా వచ్చాయి. అంతకు రెండేళ్ళ ముందు పంపిన 2,000 మొక్కలకి పురుగు పట్టిందని మొత్తం తగలబెట్టాల్సి వచ్చింది. పంపినవాళ్ళు చిన్నబుచ్చుకోకుండా ఇంకా ఎక్కువ పంపారు.

వేరే పార్కులకి ఫ్రెండ్స్‌తో వెళ్ళే రోజు వస్తే, ఉచిత ప్రవేశ దినాలు 2026 నుంచి అమెరికాలో నివాసం ఉన్నవాళ్ళకే. నీ దగ్గర రాష్ట్రం ఇచ్చిన ఐడీ కార్డు ఉంచుకో.

ప్రశ్న: ఇలాంటివి మన దగ్గర ఎందుకు పెట్టరు? — నెల్లూరు

జవాబు: నెల్లూరు నుంచి మీరు ఈ మాట అడగడం అన్యాయం. సూళ్ళూరుపేటలో చలికాలం ఫ్లెమింగో పండుగ ఎవరి కోసం? మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిపారు. పండుగ లేని రోజుల్లోనూ పక్షులు ఉంటాయి. నేలపట్టు చెరువులో గూడబాతులు, పులికాట్‌లో ఫ్లెమింగోలు. నేలపట్టు రైతులు ఆ పక్షుల్ని తరమరు, రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువని వాళ్ళకి తెలుసు. స్టేజి మీద డాన్సుల కోసం కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్ళి చూసి నాకు రాయండి.

ప్రశ్న: వేసవికి గుంటూరు నుంచి మా అబ్బాయి దగ్గరికి వస్తున్నాను. పార్కులో మూడు రాత్రులు ఉంటామట. ఆవకాయ తేవద్దని కోడలు ఫోన్లో గట్టిగా చెప్పింది. ఎలుగుబంట్లు వస్తాయట! నన్ను ఆటపట్టిస్తోందా? — గుంటూరు

జవాబు: వదినగారూ, ఈ ఒక్క విషయంలో కోడలి మాట వినండి. తేవద్దని కాదు, కార్లో పెట్టొద్దని. యొసెమిటీ లాంటి చోట రాత్రిపూట కార్లో తినే వస్తువు ఉండకూడదు. క్యాంప్‌గ్రౌండ్‌లో ఇనప పెట్టెలుంటాయి, అందులో పెట్టి గడియ వెయ్యాలి. వాసన వచ్చేది ఏదైనా సరే, టూత్‌పేస్టు, సబ్బు, మీ కొబ్బరినూనె సీసా కూడా. ఎలుగుబంటికి కారు తలుపు ఒక లెక్క కాదు. ఆవకాయ జాడీకి రెండు కవర్లు చుట్టి పెట్టెలో పెట్టండి, పొద్దున పెరుగన్నంలోకి తీసుకోండి.

ఇక తిరిగి గుంటూరు వెళ్ళాక మీకో కాలక్షేపం. అలాస్కాలో కాట్‌మాయ్ పార్కు ఉంది. అక్కడ బ్రూక్స్ నది జలపాతం దగ్గర ఎలుగుబంట్లు నిలబడి ఎగిరే సాల్మన్ చేపల్ని నోటితో పట్టుకుంటాయి. కెమెరాలు పెట్టి ఇంటర్నెట్‌లో లైవ్ చూపిస్తారు. జులైలో మీరు పొద్దున ఐదున్నరకి కాఫీ కలుపుకునే వేళ అక్కడ ముందు రోజు సాయంత్రం నాలుగు, వెలుతురు బాగుంటుంది. సెప్టెంబరు చివరో అక్టోబరు మొదటో ఫ్యాట్ బేర్ వీక్ వస్తుంది. చలికాలం నిద్రకి ఎవరు బాగా ఒళ్ళు చేశారో జనం ఓటేస్తారు. 2014లో ఒక్క రోజు సరదాగా మొదలుపెట్టారు, ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఓట్లేసేవాళ్ళు లక్షల్లో.

సీరియల్ చూసే అలవాటుంటే ఇది మీకు బాగా పడుతుంది. గ్రేజర్ అని ఒక తల్లి ఎలుగు. 2023లో గెలిచింది. 2024 వేసవిలో దాని పిల్ల జలపాతం మీంచి జారిపడితే చంక్ అనే భారీ మగ ఎలుగు ఆ పిల్ల మీద దాడి చేసింది, పిల్ల బతకలేదు. ఆ అక్టోబరులో ఫైనల్ గ్రేజర్‌కీ చంక్‌కీ మధ్యే పడింది, జనం గ్రేజర్‌ని గెలిపించారు. 2025లో చంక్ దవడ విరగ్గొట్టుకుని వచ్చింది, ఆ దవడతోనే తిని బలిసి ఈసారి అదే గెలిచింది. మా ఇంట్లో దీని మీద రెండు రోజులు మాటల్లేవు. నేను చంక్‌కి వెయ్యనన్నాను, మావారు వేశారు.